పచ్చరేకుల రాయి

పాత పళ్ళ బ్రష్షుతో ఆమె రాయి మడతల్లోని మట్టిని వదిలిస్తోంది. గట్టిగా రుద్దితే స్ఫటికం అంచు విరుగుతుంది. మెల్లగా రుద్దితే మట్టి కదలదు. ఈ రెండింటికీ మధ్య ఉండే ఆ కాస్త బలం ఆమె మణికట్టుకు ఎప్పుడో పట్టుబడింది. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి. కిటికీలోంచి కనిపించేది పక్క భవనం గోడ ఒక్కటే. ఆ గోడ మీద వాన నీటి చారలు ఏ కాలంలో ఎక్కడిదాకా దిగుతాయో ఆమెకు తెలుసు.

అది రాళ్ళ దుకాణం వెనక గది. ముందు గదిలో గాజు అరలు, చిన్న దీపాలు, నల్లగుడ్డ మీద కుదురుగా కూర్చున్న రాళ్ళు. రాళ్ళు పోగుచేసే సరదా ఉన్నవాళ్ళు, బడుల కోసం కొనేవాళ్ళు అక్కడ నిలబడి, ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. వెనక గదిలో కుళాయి, తొట్టి, తూనిక, గోడ నిండా సొరుగులు, ఆమె. దుకాణానికి వచ్చిన ప్రతి రాయీ ముందు ఆమె చేతిలో స్నానం చేసి, పేరు పెట్టించుకుని, ఆ తరువాతే దీపం కిందకు వెళుతుంది. నల్లతాడుకు కట్టిన చిన్న భూతద్దం ఎప్పుడూ మెడలో వేలాడుతుంది కాబట్టి వీధి వీధంతా ఆమెను 'భూతద్దం' అనే పిలుస్తుంది. "మా ఆడపడుచు మొగుడు లేకుండా బతుకుతుంది గానీ, ఆ అద్దం లేకుండా పూట గడవదు" అని వదిన ఎవరితోనో అంటుంటే విన్నది. అందులో నవ్వెంతో, వాత ఎంతో ఆమె తూచుకోలేదు. తూచే పని దుకాణంలో సరిపోతుంది.

ముందు గది గంట మోగింది. యజమాని తెర తొలగించి, వెనకే ఒక స్త్రీని లోపలికి తీసుకువచ్చాడు. పాత యజమాని కొడుకు ఇతను. ఆమె ఇక్కడ చేరిన కొత్తలో ఈ గది నేల మీద కూర్చుని రంగుల పెన్సిళ్ళు చెక్కుకునేవాడు. ఇప్పుడు నెత్తి మీద జుట్టు మిగల్లేదు.

"అక్కా, ఈవిడ ఏదో తెచ్చారు. వాళ్ళ నాన్నగారిదట. చూడు."

ఆ స్త్రీ చేతిసంచీని బల్ల మీద పెట్టింది. ఆమె రాయిని చూడకముందే విన్నది. బల్ల చివర ఎప్పుడూ వెలిగి ఉండే చిటపటల పెట్టె, కిరణాలున్న రాయి దగ్గరికి వస్తే టిక్కు టిక్కుమనే పెట్టె, ఒక్కసారిగా పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు మోగింది.

"అదేమిటండీ, వాన పడుతున్నట్టు?" అంది ఆ స్త్రీ.

"మా పెట్టెకు మీ సంచీ నచ్చిందమ్మా" అన్నాడు యజమాని. నవ్వుతూనే ఆమెకు చేతితొడుగులు అందించాడు.

సంచీలోంచి వెడల్పు మూతి గాజుసీసా వచ్చింది. సీసాలో తడిగుడ్డ, గుడ్డలో రాయి. ఆమె సీసాను కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, మొహం పక్కకు తిప్పుకుని మూత తీసింది. లోపల పోగైన గాలి బయటికి పోవడానికి కొంచెంసేపు ఆగింది. అప్పుడు గుడ్డ విప్పింది.

గుప్పెడంత బూడిదరంగు రాయి. దాని మీద ఒకదానికొకటి ఆనుకుని నిలబడిన పలుచని చదరపు రేకులు. లేత ఆకును వెలుతురుకు పట్టుకుని చూస్తే ఎంత పచ్చగా ఉంటుందో అంత పచ్చ. భూతద్దం కంటికి ఆనించి చూసింది. రేకుల అంచులు రంపంతో కోసినట్టు నిటారుగా ఉన్నాయి. లోపలికి చూపు సాఫీగా వెళ్ళిపోతోంది. ఎక్కడా పొగమంచు లేదు, పగులు లేదు.

రాగి గనుల్లో పచ్చరాళ్ళకు కరువు లేదు. అందుకని ఆమె తొందరపడలేదు. సీసా అడుగున రాలి ఉన్న గోరుముక్కంత రేకును పట్టకారుతో తీసి, ఒక చుక్క యాసిడ్ వేసింది. మామూలు రాగి పచ్చ అయితే సోడాలాగా పొంగాలి. పొంగలేదు. సూదిమొన ఆనిస్తే అభ్రకంలాగా పొరగా విడిపోయింది. తెర లాగి నీలిదీపం వేసింది. ఇదే కుటుంబంలో ఇంకో రాయి ఉంది, ఆ దీపం కింద పిల్లి కన్నులా మెరుస్తుంది. ఇది మెరవలేదు. చీకట్లో నల్లగా, మౌనంగా ఉండిపోయింది. చిటపటల పెట్టె మాత్రం ఊపిరాడనట్టు మోగుతూనే ఉంది.

తెర తీసి, యజమాని వైపు చూసింది. ఆయన అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"టోర్బెర్నైట్" అన్నాడు ఆయనే, నెమ్మదిగా.

"అవును బాబు గారూ. బతికి ఉన్నది."

"బతికి ఉన్నదేమిటండీ?" అంది ఆ స్త్రీ, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

"కరవదులెండి" అన్నాడు యజమాని. "యురేనియం, రాగి, ఇంకా కొన్ని కలిసి కట్టిన రాయి ఇది. వాటితోపాటు లోపల నీళ్ళు కూడా కట్టుబడి ఉంటాయి. గని తేమలోంచి బయటికి తెస్తే ఆ నీళ్ళు మెల్లగా పోతాయి. నీళ్ళు పోతే రంగు వెలిసిపోతుంది, రేకులు పగిలి రాలతాయి. మళ్ళీ ఎన్ని నీళ్ళు పోసినా వెనక్కి రాదు. నేను ఇన్నేళ్ళూ చూసినవన్నీ అలా ఎండిపోయినవే. రాయికి నీళ్ళు పోయినా, మగాడికి జుట్టు పోయినా ధర పడిపోతుందమ్మా."

ఆ స్త్రీ నవ్వలేదు. "అందుకేనేమో, నాన్న దీన్ని తడిగుడ్డలో చుట్టి స్నానాలగది అలమరాలో దాచాడు. గుడ్డ ఆరిపోతే ఇల్లు పీకి పందిరేసేవాడు. అమ్మ ఒకసారి పారేయబోతే అన్నం మానేశాడు." సీసా వైపు చూస్తూ అడిగింది. "దీనివల్ల ఏమైనా జబ్బు చేస్తుందా? నాన్న పోయింది ఊపిరితిత్తుల జబ్బుతోనే. పొగ తాగేవాడు కదా, దానివల్లే అన్నారు అందరూ."

ఆమె చేతిలో పట్టకారు ఆగిపోయింది.

"ఏ గనిదండీ ఇది?"

"ఊరవతల మూసేసిన రాగి గని లేదూ? అందులో నీళ్ళు ఊరే అడుగు భాగాన్ని నీళ్ళ అంతస్తు అనేవారట. నాన్న అక్కడ పంపు నడిపేవాడు."

"రాగి గనిలో ఇదా?" అన్నాడు యజమాని. "అక్కడ రాగి తప్ప ఏమీ లేదని గని వాళ్ళు మొదటినుంచీ చెబుతున్నారే." రాయిని తిప్పి అడుగు చూశాడు. బూడిదరంగు రాతిలో ఇత్తడి పొడిలాగా రాగి ఖనిజం మెరుస్తోంది. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. "ఉందే. అక్కడిదే."

ఆ తరువాత వాళ్ళిద్దరూ ధర మాట్లాడుకున్న మాటలు ఆమె చెవిన పడ్డాయి గానీ మనసులోకి వెళ్ళలేదు. అన్నయ్య మీసం సరిగ్గా మొలవని వయసులో ఆ గనిలో దిగాడు. గని మూసేసేదాకా నీళ్ళ అంతస్తులోనే పనిచేశాడు. నాన్న లేని ఇంట్లో ఆమె చదువుకున్న నాలుగు ముక్కలూ, వేసుకున్న బట్టలూ ఆ అంతస్తులోంచి వచ్చినవే. ఇప్పుడు మూడో అంతస్తు గదిలో మంచానికి అంటుకుపోయి, ముక్కుకు గొట్టం పెట్టుకుని, ఒక్కో ఊపిరినీ అడిగి తెచ్చుకుంటున్నాడు.

డాక్టరు మొదటిరోజు అడిగిన ప్రశ్న ఆమెకు గుర్తుంది. "పొగ తాగేవారా?" "తాగేవాడు" అని వదినే జవాబు చెప్పింది. అంతటితో అన్నయ్య జబ్బుకు కారణం దొరికిపోయింది. ఇంకెవరూ ఇంకేమీ అడగలేదు. వదిన మాత్రం అప్పటినుంచీ ప్రతి రాత్రీ పక్కబట్టలు మారుస్తూ అదే మాట అంటుంది. "ఆ సిగరెట్టు నా సవతి. నన్ను కాదనుకుని దాన్ని కట్టుకున్నావు. అది నీ రొమ్ము గుల్ల చేసి నా నెత్తిన పడేసి పోయింది." అన్నయ్య మొదట్లో "మానేసి ఎన్నాళ్ళైందే" అనేవాడు. తరువాత తరువాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. తన చావు తన చేతులతో తెచ్చుకున్నదేనని పెళ్ళాం నమ్ముతోందని తెలిసి చావడం ఎలా ఉంటుందో, గోడవైపు తిరిగిన ఆ వీపును చూస్తే ఆమెకు అర్థమయ్యేది.

పంపు మనిషి కూతురు డబ్బు తీసుకుని వెళ్ళిపోయాక యజమాని వెనక గదిలోకి వచ్చాడు. అప్పటికి ఆమె రాయిని పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలోకి మార్చి, పక్కన తడిపిన స్పాంజి ముక్క పెట్టి, మూత బిగించింది.

"ఎంతకు అమ్మొచ్చంటావు అక్కా?"

"మీరు మనసులో ఎంత అనుకున్నారు?"

"చెప్తే నవ్వుతావు."

"దానికి రెట్టింపు అడగండి. మూసేశాక గని నీట మునిగిపోయింది. ఇక అక్కడినుంచి ఇంకోటి రాదు. రాలిన ఆ చిన్న ముక్క తప్ప రేకు ఒక్కటి కూడా విరగలేదు. ఈ గదిలో రాళ్ళన్నీ ఒక పళ్ళెంలో, ఇది ఒక పళ్ళెంలో పెట్టినా ఇదే బరువు."

ఆయన ఉత్సాహంగా ఫోను అందుకుని ఎవరితోనో మాట్లాడాడు. కొనే ఆయన చీకటి పడ్డాక వస్తానన్నాడట. ఫోను పెట్టగానే ఆమె అడిగింది.

"బాబు గారూ, మధ్యాహ్నం దీన్ని ఇంటికి తీసుకెళ్ళి తెస్తాను."

"దీన్నా?" ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు. "అక్కా, పొద్దున్నే పరాచికాలా?"

"అన్నయ్య నీళ్ళ అంతస్తులో పనిచేశాడు. ఒక్కసారి చూపించి తెస్తాను."

ఇన్నేళ్ళలో ఆమె ఆయనను అడిగింది పెద్దగా ఏమీ లేదు. కిటికీకి తెర అడిగింది. ఒకసారి కొత్త కుర్చీ అడిగింది. ఆయన బట్టతల మీద చెయ్యి రాసుకుని, చాలాసేపు గోడ చారలు చూశాడు.

"నా ప్రాణం నీ సంచీలో పెడుతున్నా. జాగ్రత్త."

*

బస్సులో ఆమె సంచీని ఒళ్ళో పెట్టుకోలేదు. అలవాటు ప్రకారం కాళ్ళకు దూరంగా, కనిపించేలా కింద పెట్టింది. పక్కన కూర్చున్నావిడ కాలు దానికి తగలబోతే "గాజుసామానండీ" అంది. మేడ మూడో అంతస్తు ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. గది తలుపు అవతల ఆక్సిజన్ యంత్రం గురక వినిపించింది.

కిటికీలు మూసి ఉన్నాయి. మంచం పక్కన ఇనుప హీటరు వేడిగా కూర్చుంది. అన్నయ్య మూడు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఒకప్పుడు తలుపు దగ్గర తల వంచుకుని లోపలికి వచ్చే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద కాళ్ళు ఉన్నాయో లేవో తెలియదు.

"ఏమే గులకరాయీ... ఈ వేళప్పుడు?" ఒక్కో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "తీసేశారా... పనిలోంచి?"

"నన్ను తీసేస్తే ఆ దుకాణానికి దిక్కెవరు?"

"నిజమే... రాళ్ళు ఏడుస్తాయి."

ఆమె ఎదురు కుర్చీలో కూర్చుని, పెట్టెను ఆయనకు కనిపించేలా చేతిలో పట్టుకుంది. అన్నయ్య మొదట ఏదో బొమ్మను చూసినట్టు చూశాడు. తరువాత దిండు మీంచి తల పైకి లేచింది. తల పైకెత్తి చాలా రోజులైంది.

"పచ్చరేకులు!"

"నీకు తెలుసా?"

"తెలియకేం? నీళ్ళ అంతస్తులో... చివరి కొస... గోడంతా ఇవే. మేస్త్రి... రాగి చిలుము అనేవాడు. దులిపి పారెయ్యండ్రా అనేవాడు." నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆమె వీపు నిమిరింది. దగ్గు తగ్గేదాకా వేళ్ళకు ఎముకలు తప్ప ఏమీ తగల్లేదు. "దులిపాం. మొహం మీద... తిండి మీద... పడేవి. ఎవడికి పట్టింది?"

"అన్నయ్యా, అది చిలుము కాదు. అందులో యురేనియం ఉంది."

ఆయన కళ్ళు పెట్టె మీదినుంచి ఆమె మొహం మీదికి వచ్చాయి. యంత్రం గురక పెడుతూనే ఉంది.

"అంటే... పొగ కాదు."

ఆమె అబద్ధం చెప్పి ఉండవచ్చు. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం తప్ప ఆమె నోటికి ఇంకో పని రాదు. "పొగ ఒక్కటే కాదు అన్నయ్యా. దీనివల్లే ఎక్కువ. ఆ గాలి ఇన్నేళ్ళు పీల్చావు."

"తూచి... మాట్లాడతావే నువ్వు." ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద తడి పేరుకుంది. తుడుచుకోలేదు. "మీ వదినకు... నువ్వు చెప్పకు. నేను చెబుతా. ఈ రాయి... చూపించి చెబుతా."

"వదిన లాండ్రీ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఇది సాయంత్రానికి దుకాణంలో ఉండాలి."

"రెండు మాటలే... గులకరాయీ. ఇన్నాళ్ళూ... అది అన్నది. నేను విన్నాను. ఒక్కసారి... నేను అంటాను."

ఆమె పెట్టెను చూసింది. యజమాని చెయ్యి బట్టతల మీద కదలడం గుర్తొచ్చింది. వదిన పని ముగించుకుని వచ్చే వేళకే తనూ వస్తే, అన్నయ్య ఆ రెండు మాటలూ అనేశాక, ఇద్దరినీ అక్కడే వదిలి రాయి తీసుకుని పరుగెత్తవచ్చు. కొనే ఆయన కాసేపు కూర్చుంటాడు. యజమాని తిడతాడు. తిట్లు పడవచ్చు. ఒక్క పూట గదిలో ఉన్నంత మాత్రాన అన్నయ్యకు అది కొత్తగా చేసే కీడు కూడా ఏమీ లేదు. చెయ్యవలసింది ఎప్పుడో చేసేసింది.

పెట్టెను మంచం పక్క బల్ల మీద, ఆయన చెయ్యి అందేచోట పెట్టింది.

"ఇందులో... ఈ తడి స్పాంజి ఎందుకే?"

"అలాగే ఉండాలి అన్నయ్యా. మూత మాత్రం తియ్యకు."

వీధిలో బస్సు హారను వినిపించింది. అది పోతే తరువాతది ఎప్పుడో తెలియదు. జావ గిన్నె అందుబాటులోకి జరిపి, దుప్పటి సర్ది, ఆమె మెట్లు దిగింది. మూత తియ్యకు అంటే, కిరణాలకు భయపడి అంటున్నానని ఆయన అనుకుంటాడేమోనని ఆమెకు తోచలేదు. నీళ్ళు పోతే ఆ రాయి పోతుందన్న సంగతి ఆమెకు ఎంత ఒంటబట్టిన విషయమంటే, అది ఇంకొకరికి చెప్పవలసినదని గుర్తు రాలేదు.

*

దుకాణానికి తిరిగి వచ్చి, మిగిలిన మధ్యాహ్నమంతా ఆమె రాయి చీటీ రాస్తూ కూర్చుంది. పేరు రాసింది. దొరికిన చోటు దగ్గర గని పేరు రాసి, దాని కింద 'నీళ్ళ అంతస్తు' అని రాసింది. చిన్న అక్షరాలు, ముద్రించినట్టు. యజమాని వచ్చి భుజం మీదుగా చదివాడు.

"గని వాళ్ళు చూస్తే ఒప్పుకోరక్కా."

"ఒప్పుకోకపోతే మానెయ్యనివ్వండి. ఉన్నదే రాశాను."

"రాయి తేలేదేం?" అప్పటికి ఆయన ఆ మాట మూడోసారి అడగడం. అన్నయ్య దగ్గర ఉందని, పొద్దు వాలాక తెస్తానని ఆమె మూడోసారి చెప్పింది. ఆయన ముందు గదిలోకి వెళ్ళి, గాజు అరలో మధ్య చోటు ఖాళీ చేసి, నల్లగుడ్డ దులిపి పరిచాడు. దీపాన్ని ఇటూ అటూ తిప్పి, వెలుగు సరిగ్గా ఆ ఖాళీ మీద పడేలా చేశాడు.

వెలుతురు తగ్గుతుండగా ఆమె చేతులు రెండుసార్లు కడుక్కుని బయలుదేరింది. వీధి మలుపులో వదిన కనిపిస్తుందేమోనని చూసింది. కనిపించలేదు. ముందే వెళ్ళిపోయి ఉంటుందనుకుంది. ఈపాటికి అన్నయ్య మొదటి మాట అనేసి ఉంటాడు. వదిన నమ్మదు, ఎగతాళి చేస్తుంది, తరువాత రాయిని చేతిలోకి తీసుకుంటుంది. మెట్లు ఎక్కుతూ ఆమె ఆ దృశ్యాన్ని మనసులో కట్టుకుంది. తలుపు అవతల యంత్రం గురక ఎప్పటిలాగే వినిపించింది.

వదిన మంచం అంచున కూర్చుని ఉంది. కోటు విప్పలేదు. సంచీ భుజం మీదే ఉంది. తలుపు చప్పుడుకు తల తిప్పి చూసింది.

"వచ్చేసరికి ఇలా ఉన్నాడు అమ్మాయ్" అంది. "వేడిగానే ఉన్నాడు. నిద్రపోయాడనుకుని కాసేపు ఊరుకున్నాను."

అన్నయ్య తల గోడవైపు లేదు. ఈవైపు, హీటరు వైపు తిరిగి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కుడిచెయ్యి మంచం అంచు దాటి కిందికి వేలాడుతోంది. చొక్కా చేతిమడత మోచేతిదాకా తడిసి ఉంది. యంత్రం ఇంకా ఆయన ముక్కులోకి ఊపిరి ఊదుతూనే ఉంది.

హీటరు మీద బిస్కట్ డబ్బా మూత ఉంది. మూతలో రాయి. ప్లాస్టిక్ పెట్టె తెరిచి బల్ల మీద ఉంది, స్పాంజి పక్కకు తీసేసి ఉంది.

ఆమెకు చెప్పేవాళ్ళు ఎవరూ అక్కర్లేకపోయింది. గనిలో తూనిక మనిషి తడిరాయిని చూసేవాడు కాదని అన్నయ్య ఆమె చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పాడు. తడిస్తే ఏ గులకరాయైనా రత్నంలా ఉంటుందని, పొయ్యి మీద ఆరబెట్టి తెస్తేనే దాని అసలు రంగు ఒప్పుకునేవాడని. పెళ్ళాం ముందు పెట్టబోయే రాయి తడివల్ల మెరుస్తోందని ఎవరూ అనకూడదని ఆయన దాన్ని ఆరబెట్టాడు. నిజం చెప్పే ముందు దాన్ని మచ్చలేకుండా చేసుకున్నాడు.

రేకులు వెలిసిపోయాయి. సున్నం కలిపిన పచ్చరంగులా, లోపలికి చూపు పోకుండా మూసుకుపోయాయి. కొన్ని నిలువునా పగిలాయి, చాలావరకు రాలిపోయాయి. రాలిన రేకులు మూత అడుగున నీళ్ళలో ఉన్నాయి. మూత అంచు పొడుగునా నీళ్ళే. హీటరు ఇనుము మీద, నేల మీద, మంచం దాకా చుక్కలు చుక్కలుగా నీళ్ళు. జావ పక్కనున్న నీళ్ళ గ్లాసు ఖాళీ అయింది.

అది పాడవుతోందని ఆయనకు తెలిసింది. కళ్ళముందు రంగు పోతుంటే చూశాడు. చెయ్యి చాపి, చాపి, నీళ్ళు పోశాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. సంచీలో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది.

"తియ్యి" అంది వదిన. "ఎవరో ఒకరికి చెప్పాలి కదా."

"అక్కా, ఆయన వచ్చి కూర్చున్నాడు. ఎక్కడున్నావు?" అన్నాడు యజమాని.

"మా అన్నయ్య పోయాడు బాబు గారూ."

అవతల ముందు గదిలో ఎవరో మెల్లగా దగ్గడం వినిపించింది. కొంతసేపటికి యజమాని గొంతు తగ్గించి అడిగాడు. "రాయి?"

"అదీ పోయింది."

ఆయన ఇంకేమీ అనలేదు. ఫోను పెట్టేయనూలేదు. ఆ మౌనం రెండింటిలో దేనికోసమో ఆమెకు తెలియలేదు. ఆయనకూ తెలియదేమో. చివరికి ఆమే ఫోను ఆపి సంచీలో వేసింది.

వదిన వంగి మూతలోకి చూస్తోంది. లాండ్రీ ఆవిరికి ఉబ్బి, ముడతలు పడిన వేళ్ళతో నీళ్ళలోని ఒక రేకును గోటితో పైకి తీసింది. బొటనవేలి మీద పెట్టుకుని దీపం వైపు తిప్పింది.

"అమ్మాయ్, ఇవి నాకు తెలుసు."

ఆమె తలెత్తింది.

"మీ అన్న పనిబట్టలు నానబెట్టిన బకెట్ అడుగున ఇవే ఉండేవి. తళుకులు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఏరి కిటికీ గట్టు మీద పెట్టుకునేదాన్ని. ఆరితే ఇలాగే తెల్లబోయేవి. నీ మొహంలా ఉన్నాయి అని ఏడిపించేవాడు." వదిన మూతలోకి వేలు చూపింది. "ఏమిటివి?"

ఆమె చెప్పింది. రాయి పేరు చెప్పలేదు. లోపల ఉన్నదేమిటో, అది గాలిలోకి ఏమి వదులుతుందో, ఆ గాలి ఊపిరితిత్తుల్లో ఏమి చేస్తుందో, బడిపిల్లకు చెప్పినట్టు చిన్నచిన్న మాటల్లో చెప్పింది. ఈ రాయి ఎందుకు ఇక్కడికి వచ్చిందో, ఎందుకు ఇక్కడే ఉండిపోయిందో కూడా చెప్పింది. అంతా అయ్యాక వదిన బొటనవేలి మీది రేకును తిరిగి నీళ్ళలో వదిలి, వేళ్ళు కోటుకు తుడుచుకుంది. తుడిచిన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది.

"నిన్న రాత్రి కూడా అన్నాను" అంది. "పక్కబట్టలు మారుస్తూ. నవ్వుతూనే అన్నాననుకో." మళ్ళీ, "ఎదురు చెప్పొచ్చుగా. మనిషి నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"ఇవాళ చెబుదామనుకున్నాడు వదినా."

వదిన లేచింది. భుజం మీది సంచీ తీసి తలుపు కొక్కేనికి తగిలించింది. అన్నయ్య చెవుల వెనకనుంచి గొట్టాన్ని విడదీసింది. చెంపల మీద అది పడుకున్న గీతలు మిగిలాయి. వాటిని బొటనవేలితో రాసి చూసింది, పోలేదు. వంగి యంత్రం మీట నొక్కింది. గది అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఇద్దరికీ ఇన్నాళ్ళూ తెలియదు. కింద వీధిలో ఎవరో ఎవరినో భోజనానికి పిలుస్తున్నారు.

"కాళ్ళు పట్టుకో అమ్మాయ్. తిన్నగా పడుకోబెడదాం."

ఇద్దరూ కలిసి ఆయనను మంచం మధ్యకు జరిపారు. బరువే లేడు. వేలాడుతున్న చేతిని వదిన పైకి తీసి, తడిసిన చొక్కా చేతిని పిండి, గుండెల మీద పెట్టింది.

ఆ చెయ్యి ఉన్నచోట, మంచం పక్క నేల మీద, మందు పోసుకునే చెంచా వెల్లకిలా పడి ఉంది. దాని గుంటలో చెంచాడైనా నిండని నీరు, ఆ నీటిలో గోరంత రేకు ఒకటి.